విచారణ విస్తరణ – పాఠశాల భవనం: షికాగో ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’ చరిత్ర (1894–1999)

వ్యాససంగ్రహం

అమెరికాలోని షికాగో నగరపు పశ్చిమ భాగంలో 1894లో ఏర్పడిన ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’ కతోలిక విచారణ ఎలా పెరిగిందో, దానికి అనుబంధంగా పాఠశాల భవనాలు 1910, 1939, 1951 సంవత్సరాలలో అంచెలంచెలుగా ఎలా విస్తరించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1958 డిసెంబరు 1న ఈ పాఠశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో 92 మంది విద్యార్థులు, ముగ్గురు మఠకన్యలు మరణించారు. ఈ దుర్ఘటనను ఒక్క రోజు సంఘటనగా కాక, అర్ధశతాబ్ది పాటు సాగిన నిర్మాణ నిర్ణయాల పర్యవసానంగా చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విచారణ పాఠశాల, షికాగో, కతోలిక విద్య, వలస సమాజాలు, భవన నిబంధనలు, అగ్నిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట కతోలిక విచారణల చరిత్ర చాలావరకు జూబిలీ సంచికలలో నిక్షిప్తమై ఉంది. ఆ సంచికల రచనాక్రమం పరిశోధకులకు సుపరిచితమే. తొలి మిషనరీ రాక, తాత్కాలిక ప్రార్థనాశాల, శాశ్వత దేవాలయం, గంటగోపురం, బడి, ఆ బడికి అదనపు గదులు, పై అంతస్తు, విచారణ గురువుల పట్టిక – ఇదీ వరుస. ఇందులో భవనం అభివృద్ధికి కొలమానం. గదుల సంఖ్య పెరిగితే విచారణ పెరిగినట్లే. అమెరికాలోని విచారణల సంచికలు కూడ ఇదే పద్ధతిలో వెలువడ్డాయి. ఆధారసామగ్రిగా వీటి విలువను కాదనలేము. అయితే ఇవి కట్టిన సంవత్సరాన్ని చెప్పినంత శ్రద్ధగా కట్టిన తీరును చెప్పవు. పాత గోడకు కొత్త గోడ ఎక్కడ అతికింది, మెట్ల దారికి తలుపు ఉన్నదా, ఒక గదిలో ఎందరు కూర్చున్నారు అన్న ప్రశ్నలు వాటి పరిధిలోకి రావు.

ఈ ప్రశ్నలకు ప్రామాణికమైన సమాధానాలు దొరికే విచారణలు అరుదు. షికాగోలోని ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’, అనగా దేవదూతల రాణి మాత విచారణ అటువంటి వాటిలో ఒకటి. దాని పాఠశాల భవనంలోని ప్రతి తలుపును, ప్రతి కిటికీ ఎత్తును కొలిచి నమోదు చేశారు. అలా కొలవవలసి రావడానికి కారణం ఒక మహావిషాదం. ఆ కొలతల సహాయంతో భవన చరిత్రను వెనుకకు చదవడం ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి.

2. విచారణకొక బడి: నేపథ్యం

పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలు పేరుకు మతాతీతమైనవైనా, ఆచరణలో ప్రొటెస్టెంటు వాతావరణం గలవి. బోధనలో భాగంగా కింగ్ జేమ్స్ అనువాద బైబిలు చదివించేవారు. ఐర్లండు నుండి వలస వచ్చిన కతోలికులకు ఇది అభ్యంతరకరమైంది. 1840వ దశకంలో న్యూయార్కులో బిషప్ జాన్ హ్యూస్ కతోలిక బడులకు ప్రభుత్వ ధనంలో వాటా కావాలని ఉద్యమించి విఫలుడయ్యాడు. 1844లో ఫిలడెల్ఫియాలో బైబిలు పఠన వివాదం కూడ తోడై అల్లర్లు చెలరేగాయి, దేవాలయాలు తగలబడ్డాయి. ఈ అనుభవాల నుండి కతోలిక నాయకత్వం ఒక నిర్ణయానికి వచ్చింది: ప్రభుత్వం ఇవ్వకపోతే తామే కట్టుకోవాలి.

1884లో బాల్టిమోరులో జరిగిన మూడవ జాతీయ ధర్మమహాసభ ఈ నిర్ణయాన్ని శాసనంగా మార్చింది. ప్రతి దేవాలయం చెంత రెండేళ్లలోగా విచారణ పాఠశాల నెలకొల్పాలని ఆదేశించింది. పిల్లలను ఆ బడులకే పంపడం తల్లిదండ్రుల బాధ్యతగా చేసింది. గడువు చాలాచోట్ల నెరవేరలేదు గాని, ఆదేశం మాత్రం తరువాతి ఎనభై ఏళ్ల కతోలిక నిర్మాణ కార్యక్రమానికి ప్రాతిపదిక అయింది. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలని 1922లో ఆరెగన్ రాష్ట్రం చట్టం చేయగా, మూడేళ్ల తరువాత అమెరికా సర్వోన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. విచారణ బడికి ఉనికి హక్కు లభించింది. ఆర్థిక సహాయం మాత్రం లభించలేదు.

భారతదేశంతో పోల్చి చూస్తే ఈ వ్యత్యాసం స్పష్టమవుతుంది. ఇక్కడ 1854 నాటి వుడ్ విద్యాపత్రం తరువాత మిషనరీ బడులు గ్రాంటు విధానంలోకి వచ్చాయి. ఆంధ్రదేశంలోని కతోలిక బడులలో అనేకం ఉపాధ్యాయుల జీతాలకు సర్కారు నిధుల మీద ఆధారపడ్డాయి. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు రక్షణ కల్పిస్తూనే, సహాయం అందించే విషయంలో వాటిపట్ల వివక్ష చూపరాదని పేర్కొన్నది. అమెరికా విచారణ బడికి ఆ వెసులుబాటు లేదు. ఇటుక మొదలు సుద్దముక్క దాకా ఆదివారం కానుకలతోనే సమకూరాలి. ఆ లోటును పూడ్చింది మఠకన్యల శ్రమ. స్వల్ప భృతితో బోధించే సిస్టర్లు లేకపోతే ఆ వ్యవస్థ ఒక్క సంవత్సరం కూడ నిలిచేది కాదు. ఈ వాస్తవాన్ని జూబిలీ సంచికలు ‘త్యాగం’ అనే ఒక్క మాటతో దాటవేస్తాయి. ఆర్థిక చరిత్రగా చూస్తే అది త్యాగంతో పాటు వేతనం చెల్లించని పెట్టుబడి కూడ.

3. షికాగో విచారణల స్వరూపం

షికాగో మేత్రాసనం 1843లో ఏర్పడి, 1880లో అగ్రపీఠమైంది. నగరం వలసలతో నిండింది. జర్మన్లు, పోలండు వారు, బొహీమియన్లు, ఇటాలియన్లు తమ తమ భాషలలో ప్రార్థన జరిగే ‘జాతీయ విచారణలు’ కట్టుకున్నారు. ఒకే వీధి మీద రెండు మూడు కతోలిక దేవాలయాలు కనిపించడానికి కారణం ఇదే. వీటికి భిన్నంగా నిర్ణీత సరిహద్దులు గల ప్రాంతీయ విచారణలలో ఇంగ్లీషు వాడుక. ఆచరణలో అవి ఐరిష్ వారి విచారణలు. 1894లో నగరపు పశ్చిమాన హంబోల్ట్ పార్కు ప్రాంతంలో ఏర్పడిన ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’ తొలుత ఇటువంటి ఐరిష్ విచారణే.

షికాగోలో విచారణ ఆస్తులు విచారణ పేరున ఉండవు. ‘షికాగో కతోలిక బిషప్’ అనే ఏకవ్యక్తి సంస్థ పేరున ఉంటాయి. డబ్బు పోగుచేసేది, తీర్చేది విచారణ ప్రజలు, యాజమాన్యం అగ్రపీఠానిది. భవన నిర్ణయాలలో బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఈ ఏర్పాటులోనే ఒక సందిగ్ధత ఉన్నది.

పాఠశాల బోధనను చేపట్టినది ‘ధన్య కన్యమరియ ప్రేమ సోదరీమణులు’ అనే సభ. మేరీ ఫ్రాన్సెస్ క్లార్క్, ఆమె వెంట డబ్లిన్ నుండి వచ్చిన సహచరులు 1833లో ఫిలడెల్ఫియాలో స్థాపించిన ఈ సభ, పదేళ్ల తరువాత అయోవా రాష్ట్రంలోని డుబ్యూక్ నగరానికి తరలింది. 1867లో షికాగోలో అడుగుపెట్టి, అక్కడి ఐరిష్ విచారణ బడులలో ప్రధాన బోధనాశక్తిగా ఎదిగింది.

4. మూడు అతుకులు: 1910, 1939, 1951

1910లో నిర్మించిన రెండంతస్తుల భవనం ఈ కథకు కేంద్రం. తరువాతి కాలంలో దీనినే ‘ఉత్తర విభాగం’ అన్నారు. తొలుత దీని కింది అంతస్తు దేవాలయం, పై అంతస్తు పాఠశాల. ఒకే కప్పు కింద ఆరాధననూ చదువునూ నడిపే ఇటువంటి జంట భవనాలు అమెరికా నగరాలలో సర్వసాధారణం. విచారణకు రెండు కట్టడాల స్తోమత వచ్చేదాకా ఒకే కట్టడంతో సరిపెట్టడం ఇందులోని వివేకం. కొత్త దేవాలయం వచ్చాక పాత భవనమంతా బడికే మిగులుతుంది.

ఈ భవనం వెలుపలి గోడలు ఇటుక. అది కేవలం అభిరుచి కాదు. 1871 అక్టోబరు నాటి మహాగ్నిలో షికాగో నగరంలో పెద్ద భాగం బూడిదైంది. చెక్క ఇళ్ల నుండి ఇళ్లకు నిప్పు పాకడమే కారణం. అందుచేత తదుపరి నిబంధనలు వెలుపలి గోడ ఇటుకతో ఉండాలని పట్టుబట్టాయి. లోపల మాత్రం మెట్లు, నేల, తలుపులు, పైకప్పు దూలాలు – అన్నీ కలపే. ఒక భవనం నుండి మరొక భవనాన్ని కాపాడే నిబంధన అది. భవనం నుండి అందులోని మనుషులను కాపాడే నిబంధన కాదు. 1903 డిసెంబరు 30న అదే నగరంలో ఇరాక్వాయ్ నాటకశాల తగలబడి ఆరువందల మందికి పైగా మరణించినప్పుడు ఈ రెండవ ప్రశ్న బలంగా ముందుకు వచ్చింది. కాని ఆ చర్చ ప్రధానంగా నాటకశాలలకే పరిమితమైంది. 1908లో క్లీవ్‌లండ్ సమీపాన కాలిన్‌వుడ్ పాఠశాలలో 172 మంది పిల్లలు, 1915లో మసాచుసెట్స్ రాష్ట్రం పీబడీ పట్టణంలోని సెయింట్ జాన్ విచారణ బడిలో 21 మంది బాలికలు మంటలకు బలయ్యారు. పీబడీ ఘటన తరువాత తలుపులు బయటికి తెరుచుకోవాలన్న నియమం వచ్చింది. ఒక్కొక్క ప్రమాదం ఒక్కొక్క తలుపును మాత్రమే సరిచేసింది.

1939 ప్రాంతంలో విచారణకు విశాలమైన కొత్త దేవాలయం సమకూరింది. ఉత్తర విభాగం కింది అంతస్తు తరగతి గదులుగా మారింది. అదే ఏడు దక్షిణ విభాగం కూడ వెలిసింది. 1951లో ఈ రెండింటినీ కలుపుతూ ఒక ఇరుకైన అనుసంధాన భాగం కట్టారు. దానితో భవనం ఆంగ్ల ‘యు’ అక్షరం ఆకారం పొందింది. మధ్యలో ఇనుప కంచె, తాళం వేసిన గేటు గల చిన్న ఆవరణ మిగిలింది. బయటి నుండి చూసేవారికి అది ఒకే భవనం. నిజానికి అది మూడు కాలాల, మూడు అవసరాల సంకలనం.

ఈ అతుకుల ఫలితాన్ని గమనించాలి. ఉత్తర విభాగపు ఈశాన్య మెట్ల దారికి కింది అంతస్తులో బరువైన చెక్క తలుపు ఉన్నది. పై అంతస్తులో లేదు. మెట్లు తిన్నగా నడవాలోకి తెరుచుకుంటాయి. నేలమాళిగ కొంత భాగం భూమి పైకి ఉండటం వలన, గదుల కప్పు పన్నెండు అడుగుల ఎత్తు కావడం వలన, రెండవ అంతస్తు కిటికీలు నేలకు 25 అడుగుల ఎత్తున ఉన్నాయి. తరగతి తలుపుల మీద గాలి కోసం గాజు పలకలు అమర్చారు. నేల కలపకు ఏళ్ల తరబడి వార్నిషు, పెట్రోలియం మైనం పూతలు పూశారు. పిల్లల చలికోట్లు నడవాలోని కొక్కేలకు వేలాడేవి. అగ్నిప్రమాద ఘంట మీటలు మొత్తం బడికి రెండే. రెండూ దక్షిణ విభాగంలోనే, వాటి మీద గుర్తు కూడ లేదు. అవి అగ్నిమాపక శాఖకు అనుసంధానం కాలేదు. ఉత్తర విభాగంలోని నాలుగు మంటలార్పే పరికరాలను ఏడడుగుల ఎత్తున బిగించారు. అత్యవసర నిష్క్రమణ మెట్లు ఒక్కటే; దానిని చేరాలంటే ఆ నడవా గుండానే వెళ్లాలి.

ఇవేవీ నాటి చట్టానికి విరుద్ధం కావు. వ్యాసంలోని వాదనకు ఇదే కీలకం. షికాగో 1949లో కొత్త భవన నిబంధనలు తెచ్చింది. నీటి తుంపర యంత్రాలు, మంటను తట్టుకునే మెట్ల దారులు వాటిలో ఉన్నాయి. కాని అవి కొత్తగా కట్టే భవనాలకే వర్తిస్తాయి. అంతకు ముందున్న వాటికి మినహాయింపు. 1958 అక్టోబరులో జరిగిన తనిఖీలో ఈ బడి ఉత్తీర్ణమైంది. తనిఖీ అధికారి అబద్ధం చెప్పలేదు. ఆయన చేతిలోని పత్రంలో ఆ ప్రశ్న లేదు.

5. కిక్కిరిసిన గదులు

1950వ దశకం నాటికి విచారణ జనం మారారు. ఐరిష్ కుటుంబాల స్థానంలో ఇటాలియన్ సంతతివారు అధికులయ్యారు. పోలిష్, జర్మన్ మూలాల కుటుంబాలూ ఉన్నాయి. తొలితరం ఇటాలియన్ వలసదారులు విచారణ బడుల పట్ల అంతగా ఆసక్తి చూపలేదన్నది చరిత్రకారులు తరచు చెప్పే మాట. దక్షిణ ఇటలీలో అటువంటి సంప్రదాయం లేకపోవడం, ఐరిష్ గురువుల ఆధిపత్యం అందుకు కారణాలు. రెండవ, మూడవ తరాల నాటికి ఈ పరిస్థితి తారుమారైంది. తాతలు అనుమానంగా చూసిన బడిలో మనుమలు చోటు కోసం బారులు తీరారు. ఒక వలస సమాజం కొత్త దేశంలో స్థిరపడిందనడానికి ఇంతకు మించిన సూచిక దొరకదు.

యుద్ధానంతరం అమెరికాలో జననాలు ఏటా నలభై లక్షలకు చేరాయి. దేశమంతటా కతోలిక పాఠశాలల విద్యార్థి సంఖ్య 1960వ దశకం మధ్య నాటికి యాభై లక్షలు దాటి శిఖరానికి చేరింది. మఠకన్యల సంఖ్య ఆ వేగంతో పెరగలేదు. ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’లో 1958 నాటికి సుమారు 1,600 మంది పిల్లలు ఉన్నారు. తరగతికి పరిమితి లేదు. కొన్ని గదులలో 64 మంది దాకా కూర్చున్నారు. కొందరు గృహస్థ ఉపాధ్యాయులను నియమించినా బడి నిర్వహణ సిస్టర్లదే.

చోటు లేదని పిల్లలను తిప్పి పంపితే 1884 నాటి ఆదేశం భంగమవుతుంది. చేర్చుకుంటే గది సరిపోదు. విచారణ గురువులు, మఠకన్యలు చేర్చుకునే వైపే మొగ్గారు. అది కపటం కాదు, లోభమూ కాదు. బడిలో ప్రవేశం నిరాకరించడం విశ్వాసానికే ద్రోహమని భావించిన కాలం అది. ఆ భావన ఎంత నిజాయితీ గలదో దాని భారం అంతగా ఉత్తర విభాగపు రెండవ అంతస్తు మీద పడింది.

6. 1958 డిసెంబరు 1

ఆ సోమవారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఉత్తర విభాగపు నేలమాళిగలో, ఈశాన్య మెట్ల దారి అడుగున ఉంచిన అట్ట చెత్తపీపాలో నిప్పు పుట్టింది. బడి విడిచే వేళ మూడు గంటలు. నిప్పు కొంతసేపు ఎవరి కంటా పడలేదు. వేడికి నేలమాళిగ కిటికీ అద్దాలు పగిలి గాలి ఆడటంతో మంట విజృంభించి మెట్ల దారిని పొగగొట్టంగా మార్చుకున్నది. కింది అంతస్తు తలుపు దానిని అడ్డగించింది. అక్కడి పిల్లలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పై అంతస్తులో తలుపు లేదు. గొట్టాల కోసం వదిలిన నిలువు సందు గుండా వేడి వాయువులు కప్పు పైభాగానికి కూడ చేరాయి.

పై అంతస్తులోని తరగతి గదులలో సుమారు 330 మంది పిల్లలు ఉన్నారు. తలుపు తెరిస్తే నడవా నిండా నల్లని పొగ. తలుపు మూసుకుంటే పైనున్న గాజు పలకలు వేడికి పగిలాయి. మిగిలింది కిటికీ ఒక్కటే, ఇరవై అయిదు అడుగుల కింద గట్టి నేల. చిన్న తరగతుల పిల్లలకు కిటికీ గట్టు ఎక్కడమే కష్టమైంది.

ఈ సమయంలో జరిగిన ఒక చిన్న సంగతి సంస్థాగత చరిత్రకు సంబంధించి విలువైనది. పొగను మొదట పసిగట్టిన వారిలో గృహస్థ ఉపాధ్యాయినులు ఇద్దరున్నారు. ప్రధానోపాధ్యాయిని అయిన సిస్టరు అనుమతి లేకుండా బడి ఖాళీ చేయించరాదన్నది నియమం. ఆమె గదిలో లేరు; ఒక తరగతిలో మరొకరి బదులు పాఠం చెబుతున్నారు. ఆమె కోసం వెదికి, కనిపించక, ఉపాధ్యాయినులు తమ పిల్లలను తామే బయటికి నడిపించారు. పిల్లలను దేవాలయంలో చేర్చాక తిరిగి వచ్చి ఘంట మోగించారు. వారి తరగతులు దక్కాయి. నియమాన్ని పాటించి ఉంటే దక్కేవి కావు. ఇందులో ఏ ఒక్క వ్యక్తినీ తప్పు పట్టవలసిన పని లేదు. విధేయతను ప్రథమ సుగుణంగా నేర్పే సంస్థలో నిర్ణయాధికారం ఒక్కరి వద్ద కేంద్రీకృతమైతే, ఆ ఒక్కరు గదిలో లేని క్షణానికి ఏర్పాటు ఉండదు.

అగ్నిమాపక శాఖకు తొలి కబురు 2 గంటల 42 నిమిషాలకు అందింది. చెప్పిన చిరునామా గురువుల నివాసానిది. బడి మలుపు తిరిగాక ఉన్నది. తొలి బండ్లు అక్కడికి వెళ్లి మళ్లీ సర్దుకోవలసి వచ్చింది. ఆవరణ గేటు తాళం పగలగొట్టవలసి వచ్చింది. ఇరుగుపొరుగు వారు ఇళ్లలోని నిచ్చెనలు తెచ్చారు, అవి పొట్టివి. గురువులు, తండ్రులు, బడి పనివాడు లోపలికి దూరి కొందరిని లాగారు. అగ్నిమాపక సిబ్బంది 160 మందికి పైగా పిల్లలను కాపాడారు. ఇంతలో కప్పు కూలింది. అప్పటికప్పుడు, ఆ తరువాతి నెలలలో ఆసుపత్రులలో కలిపి 92 మంది పిల్లలు మరణించారు. ముగ్గురు మఠకన్యలు తమ తరగతి పిల్లలతోనే మరణించారు. షికాగో ఆర్చిబిషప్ ఆల్బర్ట్ మేయర్ పదవి స్వీకరించి అప్పటికి పదిహేను రోజులు. నెల క్రితమే ఎన్నికైన 23వ జాన్ పాపుగారు ఆయనకు సంతాప సందేశం పంపారు.

నిప్పు ఎలా పుట్టిందన్నది అధికారికంగా నేటికీ నిర్ధారణ కాలేదు. తరువాతి కాలంలో ఒక బాలుని వాంగ్మూలం, దాని ఉపసంహరణ పత్రికలలో విస్తృతంగా చర్చకు వచ్చాయి. చరిత్ర పరిశోధనకు ఆ చర్చ అంతగా ఉపకరించదు. చెత్తపీపాలో నిప్పురవ్వ ఏ బడిలోనైనా పడవచ్చు. అది 95 ప్రాణాలు తీసుకోవడానికి కావలసిన ఏర్పాట్లు మాత్రం 1910 నుండి 1951 దాకా సాగాయి.

7. నిబంధనల మార్పు

సంఘటన అనంతరం జరిగిన విచారణలలో ప్రధానంగా తేలినది మినహాయింపు నియమపు లోపమే. షికాగో నగరపాలక సంస్థ పాత పాఠశాల భవనాలకు కూడ అగ్నిరక్షణ నిబంధనలను వర్తింపజేసింది. నీటి తుంపర యంత్రాలు, అగ్నిమాపక శాఖతో అనుసంధానమైన ఘంటలు, మూసి ఉన్న మెట్ల దారులు తప్పనిసరి అయ్యాయి. దేశవ్యాప్తంగా ఒక్క ఏడాదిలో సుమారు 16,500 పాత పాఠశాల భవనాలను సరిచేశారని అంచనా. లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ 1959లో ఒక పాత పాఠశాల భవనాన్నే ప్రయోగశాలగా చేసి, పదేపదే నిప్పు పెట్టి పరీక్షించింది. మనుషులకు వేడి కంటె పొగ ముందుగా ప్రాణాంతకమవుతుందని, తెరిచి ఉన్న మెట్ల దారే దానికి వాహకమని ఆ ప్రయోగాలు రుజువు చేశాయి.

ఈ ఖర్చు ఎవరు భరించాలి? ప్రభుత్వ బడికి పన్నులున్నాయి. విచారణ బడికి మళ్లీ ఆదివారం కానుకలే. 1947లో సర్వోన్నత న్యాయస్థానం విచారణ బడుల పిల్లల బస్సు ఛార్జీలకు ప్రభుత్వ సొమ్ము వాడవచ్చునన్నది. 1971లో ఆ బడుల ఉపాధ్యాయుల జీతాలకు వాడరాదన్నది. ఈ రెండు తీర్పుల నడుమ భవన భద్రత వ్యయం విచారణ లెక్కల పుస్తకంలోనే ఉండిపోయింది. మఠకన్యల సంఖ్య తగ్గి, జీతం ఇవ్వవలసిన ఉపాధ్యాయులు పెరగడం కూడ ఇదే కాలంలో జరిగింది. కతోలిక బడుల మూసివేతకు జనాభా మార్పులను మాత్రమే కారణంగా చెప్పే రచనలు ఈ నిర్వహణ వ్యయాన్ని తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

భారతదేశంలో ఇటువంటి మలుపు చాలా ఆలస్యంగా వచ్చింది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒకే ప్రాంగణంలో నడుస్తున్న ప్రైవేటు బడులలో 94 మంది పిల్లలు అగ్నికి ఆహుతయ్యారు. వంటగదిలో పుట్టిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకున్నది. అక్కడా ఇరుకు మెట్లు, కిక్కిరిసిన గదులు. అవినాశ్ మెహ్రోత్రా వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, భద్రమైన భవనంలో చదువుకోవడం విద్యాహక్కులో అంతర్భాగమని పేర్కొని, ఇకమీదట గుర్తింపు ఇచ్చే ముందు భవన భద్రతను పరిశీలించాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. తెలుగు రాష్ట్రాలలో శతాబ్దం దాటిన మిషనరీ బడి భవనాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. వాటి నిర్మాణదశలను, అతుకులను, మెట్ల దారులను నమోదు చేసే పరిశోధన జరిగితే అది విద్యాచరిత్రకు కొత్త ఆధారసామగ్రి అవుతుంది.

8. 1960 తరువాత

కాలిపోయిన భవనాన్ని 1959లో పూర్తిగా తొలగించారు. పిల్లలు పరిసరాల బడులలో సర్దుకున్నారు. ప్రజల విరాళాలతో కట్టిన కొత్త పాఠశాల 1960 సెప్టెంబరులో తెరుచుకున్నది. నీటి తుంపర యంత్రాలు మొదలుకొని నాటి నిబంధనలన్నీ అందులో అమలయ్యాయి. మృతులలో అనేకుల సమాధులు హిల్‌సైడ్‌లోని క్వీన్ ఆఫ్ హెవెన్ శ్మశానవాటికలో, వారి స్మారకం చెంతనే ఉన్నాయి.

కొత్త భవనానికి పాత విచారణ మిగలలేదు. విషాదం తరువాత చాలా కుటుంబాలు ఆ వీధులను విడిచి శివారులకు తరలిపోయాయి. అయితే ఈ తరలింపును పూర్తిగా ప్రమాదానికే ముడిపెట్టడం సరికాదు. 1960వ దశకంలో షికాగో పశ్చిమ భాగమంతటా తెల్లజాతి కుటుంబాలు ఖాళీ చేయగా, ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యానంతరం చెలరేగిన అల్లర్లు ఆ ప్రాంతపు వాణిజ్యాన్ని దెబ్బతీశాయి. ఐరిష్ వారి నుండి ఇటాలియన్లకు మారినప్పుడు విచారణ నిలిచింది, ఎందుకంటే వచ్చినవారూ కతోలికులే. ఈసారి వచ్చినవారిలో అధికులు బాప్తిస్తు సంప్రదాయం వారు.

1990లో విచారణను పొరుగున ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ విచారణలో విలీనం చేశారు. పాఠశాల మరి తొమ్మిదేళ్లు నడిచింది. విద్యార్థుల సంఖ్య తగ్గడంతో 1999 తరగతి ఉత్తీర్ణులైన తరువాత అగ్రపీఠం దానిని మూసివేసింది. ఆ పిమ్మట 1960 నాటి భవనాన్ని ఒక చార్టర్ పాఠశాలకు అద్దెకిచ్చారు. 2005లో ఫ్రాన్సిస్కను గురువు బాబ్ లొంబార్డో నేతృత్వంలో అక్కడ ఒక సేవాకేంద్రం మొదలైంది. ఇరుగుపొరుగు పేద కుటుంబాలకు ఆహార దినుసులు, దుస్తులు అందజేయడం దాని పనులలో ఒకటి.